ముప్పై ఒకటో పేజీ

పిల్లల్ని బడిలో దింపేశాక
ఏడున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా
ఫర్వానియాలో ఒక గోడ నీడ నాది.
నీడ జరిగితే బస్సు జరుపుతా.
యాభై రెండు ఖాళీ సీట్లు,
సందుల్లో చిప్స్ పొడి, ఎవరిదో ఒంటి సాక్సు,
స్టీరింగు మీద తెరిచిపెట్టిన నవల.

మొదట్లో ఎవరి కోసమూ కాదు.
కునుకు పట్టకుండా గట్టిగా చదివేవాణ్ణి.
జమీందారు మాట్లాడినా జడ్జి మాట్లాడినా
నా నోట్లో అందరూ
రాయచోటి సంతలో మేకలు బేరమాడేవాళ్ళే.
రూములో ఉండే బావాజీ ఒకరోజు పగలబడి నవ్వి
ఫోను తెచ్చి అద్దానికి ఆనించి పెట్టాడు.
మూడో రోజుకి నాలుగు వందల మంది.
రంజాన్ నెల దాటేసరికి నలభై వేలు.

పేరూ వాళ్ళే పెట్టారు, బస్సు చదువరి అని.
ఆ పేరు కొలతకి
నన్ను నేను కుట్టుకుంటూ వచ్చా.
చూపు బాగానే ఉన్నా
ఒకటిన్నర దినారు పెట్టి కళ్ళజోడు కొన్నా.
జాకీ కింద నలిగిన బొటనవేలి గోరు
పేజీ అంచున కనపడాలి, జనానికి అదంటే ఇష్టం.
పక్కన టీ కప్పు ఉండాలి. తాగక్కర్లేదు.
పేరా చివర కాసేపు కిటికీలోకి చూసి
"ఈ వాక్యం రాత్రంతా నిద్రపోనీలేదప్పా" అనాలి.
నేను బాగానే నిద్రపోయేవాణ్ణి.

నెలకెన్ని పుస్తకాలు అని అడిగారు.
తొమ్మిది అన్నా.
తొమ్మిది అట్టలు, తొమ్మిది మొదటి పేజీలు.
ఆకలి లేనివాడు విస్తరి ముందు కూచున్నట్టు
రోజూ కూచున్నా.

ఒక రాత్రి వాయిస్ మెసేజ్.
గొంతు వెనక గిన్నెల చప్పుడు.
"అన్నా, నేను ఓబుళమ్మను.
జహ్రాలో ఒక ఇంట్లో పని.
నాకు అచ్చరం ముక్క రాదు.
ఆ పడవాయప్ప కథ చెప్తివే,
తాళం పోగొట్టుకున్న కాడ నిలిపితివి.
పదకొండు దినాలాయ.
దొరికెనా లేదా?"

నలభై వేల మందిలో
ఆ మాట అడిగినవాళ్ళు లేరు.
దండాలు పెట్టారు, గుండె బొమ్మలు పెట్టారు,
కళ్ళజోడు ఎక్కడ కొన్నావని అడిగారు.
తాళం సంగతి ఎవరికీ పట్టలేదు.
నాకూ పట్టలేదు.

పుస్తకం వెతికి తీశా.
ఊరి నుంచి ఊరగాయ సీసాతో కలిసి వచ్చింది,
ముప్పై ఒకటో పేజీ మీద గోంగూర నూనె మరక,
పక్క పేజీకి అంటుకుపోయి.
ఆ మరక దాటి నేను ఎప్పుడూ పోలేదు.
నలిగిన గోటితోనే మెల్లగా విడదీశా.

మర్నాడు దుమ్ముగాలి.
గోడ లేదు, నీడ లేదు, వీధి లేదు.
ఫోను నోటి దగ్గర పెట్టుకుని చదివా.
తడబడ్డా. ఒక వరస వదిలేసి వెనక్కి వచ్చా.
దగ్గా. అదీ పోయింది ఆమెకి.

సాయంత్రం జవాబు:
"ఆయప్ప అబద్దాలు చెప్తాండాడన్నా.
తాళం పోలేదు, ఏమీ పోలేదు.
జేబులోనే పెట్టుకోని ఊరంతా ఎతికిస్తాండాడు."

అలా ఎక్కడా రాసి లేదు.
మళ్ళీ చదివా, లేదు.
అరవయ్యో పేజీలో గానీ
తాళం ఆ జేబులోంచి బయటికి రాలేదు.
ఆ పేజీ దగ్గర చాలాసేపు
నా చొక్కా జేబు తడుముకుంటూ కూచున్నా.

ఆ వారం వీడియో పెట్టలేదు.
మూడు వందల మంది వెళ్ళిపోయారు.
ఈ నెల ఏం చదివావన్నా అని ఒకడు.
అదే, అన్నా.
అదేనా, అన్నాడు.

ఇవాళ పొద్దున్న ఆమె మెసేజ్ చిన్నది.
"ఇంట్లో చుట్టాలు. అంట్లు కొండంత పడినాయి.
నేను వచ్చేదాకా ముందుకు పోవద్దు."

పడవ అవతలి ఒడ్డు చేరబోతోంది.
ఒడ్డు మీద ఎవరో నిలబడి ఉన్నారు,
ఎవరో తెలియాలంటే పేజీ తిప్పాలి.
వేలు లోపలే పెట్టి మూశా.
బెల్లు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలు.
నీడ జరిగిపోయింది.
బస్సు జరపలేదు.